కట్ట మీద మాటలు: ఓటీపీ చదివి చెప్పింది నేనే

పోయిన నెల ఈ పేజీలో వీధి కొళాయి దగ్గర జగడాల గురించి రాసినాను. చదివి ముగ్గురు నలుగురు నన్ను ఆపి మాట్లాడినారు, ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. ఈ నెల ఎవరి జోలికీ పోను, మా ఇంటి సంగతే రాస్తాను. రాయాలా వద్దా అని చాలా దినాలు ఊగిసలాడినా. కడకు మా కోడలే చెప్పింది: "రాయండి మామా, ఇది మన వఠారంలో ఏ ఇంట్లో లేదు చెప్పండి?"

మా మనవడికి 13 ఏండ్లు. ఎనిమిదో తరగతి. కొడుకు క్యాబ్ తోలతాడు, కోడలు మైసూరు రోడ్డు పక్కన గార్మెంట్స్‌లో టైలర్. వాడు పొద్దున లేస్తే ఇద్దరూ ఉండరు, సాయంత్రం వాడు వచ్చేసరికీ ఉండరు. ఇంట్లో ఉండేది నేను, మా ఇంటామె. అంటే వాడిని చూసుకోవాల్సింది మేమే. ఈ మాట మొదటే ఎందుకు చెప్తున్నానంటే, తప్పు ఎవరిది అని తర్వాత లెక్క వేసినప్పుడు అది నా దగ్గరికే వచ్చి ఆగింది.

పోయిన దసరా సెలవుల్లో జరిగింది. రాత్రి రెండు గంటలకు నాకు మెలకువ వచ్చింది. ముప్పై ఏండ్లు నైట్ షిఫ్టు చేసిన ఒళ్లు, ఇప్పటికీ ఆ టైముకు కండ్లు తెరుచుకుంటాయి. దుప్పటి కింద వెలుగు. వాడు గుసగుసగా మాట్లాడతా ఉన్నాడు: "ఎడమ పక్క ఉన్నాడ్రా, కొట్టు, వాణ్ణి ముగించు." నాకు ఒళ్లు జలదరించింది. కోడలిని లేపినాను. ఆమె పోయి ఫోను లాక్కునింది. వాడు లేచి తల్లిని ఒక్క తోపు తోసినాడు. ఆమె మణికట్టు పోయి తలుపు దర్వాజాకు తగిలింది.

విరగలేదు, వాచింది. కానీ మిషను కుట్టే చేయి అది. నాలుగు దినాలు పనికి పోలేకపోయింది, నాలుగు దినాల కూలి పోయింది. అటెండెన్స్ బోనస్ కూడా పోయింది. వాడు ఆ రాత్రంతా ఏడ్చినాడు. తోసినోడూ వాడే, తల్లి చేతికి ఐసుగడ్డ పెట్టినోడూ వాడే.

తెల్లారి మా కొడుకు బెల్టు తీసినాడు. నేను అడ్డం పోతిని. అప్పుడు వాడు అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "తాతా, ఆడుకోమని నువ్వే కదా ఓటీపీ చెప్పింది!"

నిజమే, నేనే చెప్పినాను. మూడు నాలుగు నెలల ముందు మంచం మీద పడుకుని ఉంటే వచ్చి, "తాతా, నీ ఫోనుకు ఒక నంబర్ వచ్చింటాది, చూసి చెప్పు" అన్నాడు. బడికి సంబంధించింది ఏదో అనుకుంటిని. కండ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అంకె చదివి చెప్పినాను. వాడు ఆడేది బీజీఎంఐ అనే ఆట. అందులో 18 ఏండ్ల లోపు పిల్లలు ఆడాలంటే ఇంటి పెద్దవాళ్ల ఫోను నంబరు అడుగుతారు, ఆ నంబరుకు ఓటీపీ పంపిస్తారు. అది పెద్దవాళ్లు ఒప్పుకున్నట్టు సంతకం. బ్యాంకు వాళ్లు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని చెప్తారు కదా, దొంగలకు చెప్పకుండా జాగ్రత్తపడినాను. మనవడు అడిగితే చెప్పేసినాను.

ఆ ఆట ఏమిటో తెలియని వాళ్లకు చెప్తాను. విమానంలో నుంచి 100 మంది ఒక దీవి మీదికి దూకుతారు. చేతిలో ఏమీ ఉండదు. ఇండ్లల్లో దూరి తుపాకులు, గుండ్లు, హెల్మెట్టు ఏరుకోవాలి. కనబడినోణ్ణి కాల్చాలి. చుట్టూ ఒక గీత దగ్గరికి ముడుచుకుంటా వస్తుంది, దాని బయట చిక్కినోడు చస్తాడు. కడకు మిగిలినోడు గెలిచినట్టు. ఒంటరిగా ఆడొచ్చు, నలుగురు జట్టుగా ఆడొచ్చు. ఒక్క ఆట పూర్తిగా ఆడితే దాదాపు అర గంట. మొదట దీని పేరు పబ్జీ. ఆ పేరు మన వీధిలో కుక్కపిల్లకు కూడా పెట్టినారు, అందరికీ తెలుసు.

పబ్జీని ప్రభుత్వం 2020 సెప్టెంబర్ 2న నిలిపేసింది. అప్పుడు మన కట్ట మీద కూర్చున్నోళ్లంతా, "మంచి పని చేసినారు, పిల్లకాయలు బాగుపడతారు" అని మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నా. కానీ అది పిల్లల కోసం చేసిన పని కాదు. గల్వాన్‌లో మన సైనికులు చనిపోయినాక చైనాతో సంబంధం ఉన్న యాప్‌లను వరుసగా మూసేసినారు. జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59, సెప్టెంబర్‌లో పబ్జీతో కలిపి 118. కారణం దేశ భద్రత, మన సమాచారం బయటికి పోతుందని. తుపాకులూ రక్తమూ ఆ ఉత్తర్వులో కారణాలు కావు. అందుకే 2021 జూలైలో కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ అనే పేరుతో తెచ్చింది. రక్తానికి ఎరుపు తీసేసి ఆకుపచ్చ రంగు వేసినారు. 'చంపినాడు' అనే చోట 'ముగించినాడు' అని పెట్టినారు. మావాడు దుప్పటి కింద "ముగించు" అన్నది అక్కడి మాటే. 2022 జూలైలో మళ్లీ తీసేసినారు, 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. ఈసారి 18 లోపు పిల్లలకు దినానికి మూడు గంటలే అని గడువు పెట్టినారు, పెద్దవాళ్లకు ఆరు గంటలు. ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఆటను 2022 ఫిబ్రవరిలో మూసేసినారు. దాని అన్నలాంటి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం అట్లే ఉండిపోయింది. పిల్లలందరూ ఒక్క దినంలో అందులోకి మారిపోయినారు. ముందు గేటు మూసి వెనక గేటు తెరిచినట్టు, ఇది మన మిల్లు వాళ్లకు కొత్త కాదు.

మూడు గంటల గడువు ఉంటే రాత్రి రెండింటి దాకా ఎట్ల ఆడతాడు అని మీరు అడగొచ్చు. నేనూ అడిగినాను. మూడు గంటలు అయిపోయినాక వాడు ఇంకో అకౌంట్‌లోకి పోతాడంట. అది నా పేరు మీద తెరిచినాడు. పుట్టిన సంవత్సరం 1959. 18 దాటిందా అంటే దాటింది అని నొక్కినాడు. ఆ లెక్కన రాత్రి రెండు గంటలకు తుపాకీ పట్టుకుని దీవిలో తిరుగుతా ఉండింది నేనే. మోకాళ్ల నొప్పులతో.

అది విని కొడుకు మళ్లీ బెల్టు పట్టుకున్నాడు. నేను మాత్రం ఏమీ అనలేకపోయినా. నా వయసు ఎత్తుకుని వాడు లోపలికి పోయినాడు. 50 ఏండ్ల కింద నేనూ ఇట్లే అబద్ధం వయసుతోనే మిల్లు లోపలికి పోయినాను.

మన పాతవాళ్లకు తెలుసు, పిల్లలకు తెలియదు. అప్పటి 1948 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టకూడదని ఉండేది. 14 దాటి 18 లోపు ఉంటే డాక్టరు చూసి పనికి తగినోడని సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది, దాని గుర్తుగా టోకెన్ ఒంటి మీద ఉండాల్సి ఉండేది. 17 నిండని పిల్లవాణ్ణి రాత్రి పనికి పెట్టకూడదని ఉండేది. నాకప్పుడు 16 నిండలేదు. మా నాయన స్పిన్నింగులో ఉండేవాడు, ఇంట్లో తినే నోళ్లు ఏడు. బదిలీ పని రాత్రిపూటే ఎక్కువ దొరికేది. ఐదో తరగతి సర్టిఫికెట్ పోయిందని చెప్పి, నాకు 18 నిండినాయని మా నాయన వేలిముద్ర వేసినాడు. డాక్టరు నా పండ్లు చూసినాడు, ఛాతీ మీద తట్టినాడు, నా ముఖం చూసి నవ్వినాడు, రాసేసినాడు. అందరికీ తెలుసు. ఏ మిల్లు అని రాయను, అప్పుడు చాలా చోట్ల అదే కథ.

డాఫింగ్‌లో వేసినారు. నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడం, పరుగు మీద చేయాలి. మొదటి వారంలోనే తెల్లవారుజామున నిలబడి నిద్రపోయినా. కుడి చేతి చిటికెన వేలు సగం పోయింది. కట్ట మీద నన్ను చూసినోళ్లకు ఆ వేలు తెలుసు. చట్టం 17 అని ఎందుకు రాసింది అని ఆ దినం తెలిసింది. పిల్లకాయ ఒంటికి రాత్రి మూడు గంటలకు మిషను ముందు నిలబడే తెలివి ఉండదు. చట్టం రాసినోడు ఎవడో నాలాంటి వేళ్లు చాలా చూసుంటాడు.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. వేలు పోయినాక మా నాయన నన్ను మానిపించలేదు. మానిపించే స్థితి లేదు. ఆయన మేస్త్రీ కాళ్లు పట్టుకుని తన షిఫ్టు నా షిఫ్టుతో కలిపించుకున్నాడు. రెండేండ్లు నా పక్క ఫ్రేము మీద పని చేసినాడు. రాత్రి రెండు దాటితే వచ్చి వీపు మీద ఒకటి కొట్టి పోయేవాడు. ఆ దెబ్బ ఇప్పటికీ నన్ను లేపుతా ఉంది. మా నాయన అబద్ధం చెప్పి లోపలికి తోసి, పక్కనే నిలబడినాడు. నేను ఓటీపీ చెప్పి అటు తిరిగి పడుకున్నా.

వాడిని ఆ ఆటే చెడగొట్టిందా? కట్ట మీద దీని మీద రెండు సాయంత్రాలు వాదులాడుకున్నాం. ఒకాయన బెళగావి సంగతి తీసినాడు. 2019 సెప్టెంబర్‌లో అక్కడ కాకతి అనే ఊళ్లో 21 ఏండ్ల కొడుకు, పబ్జీ ఆడొద్దన్నందుకు తండ్రినే చంపేసినాడు. అది నిజంగా జరిగింది, పేపర్లలో వచ్చింది. అదే సంవత్సరం మార్చిలో గుజరాత్‌లో రాజ్‌కోట్ పోలీసులు ఆ ఆటను నిషేధించి, ఆడతా ఉన్న కాలేజీ పిల్లలను పట్టుకుపోయినారు. ఇంకొకాయన, "కోట్ల మంది ఆడతా ఉన్నారు, అందరూ కత్తి పట్టుకున్నారా? మనం శివాజీనగర్ నుంచి మెజెస్టిక్ దాకా నడిచిపోయి ఫైటింగు సినిమాలు చూడలేదా?" అన్నాడు. అదీ నిజమే.

మా మనవరాలు బీకామ్ చదువుతా ఉంది, ఆమె చదివి చెప్పింది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞుల పెద్ద సంఘం ఒకటి 2020లో దీని మీద తీర్మానం చేసింది. ఇట్లాంటి ఆటలు పిల్లలను హంతకులను చేస్తాయనేదానికి తగినంత ఆధారం లేదు. కానీ అరవడం, తోయడం లాంటి చిన్న దుడుకుతనంతో కొంచెం సంబంధం కనబడుతుంది, అని. 'తోయడం' అనే మాట విని మా కోడలు తన మణికట్టు చూసుకునింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

నాకు అనిపించేది ఏమంటే, మావాడి విషయంలో తుపాకీ కంటే నిద్ర ఎక్కువ చెడగొట్టింది. రెండు నెలలుగా నాలుగు గంటలు నిద్రపోయే పిల్లవాడు. వాణ్ణి ఆట మధ్యలో లాగితే ఏమవుతుంది? నలుగురు జట్టులో వాడు ఒకడు. వాడు లేస్తే మిగిలిన ముగ్గురూ చస్తారు, రేపు బడిలో తిడతారు. ఫ్రేము తిరుగుతా ఉంటే వదిలి పోయే డాఫర్‌ను మేస్త్రీ ఏమంటాడో మనకు తెలియదా? "అన్నానికి రా" అంటే వాడు రాకపోవడం పొగరు అనుకుంటిమి. సగం అదే. ఇప్పుడు గంటలు లెక్కపెట్టడం మానేసినాం. రెండు ఆటలు అని లెక్క. ఆట అయిపోయే దాకా ఆగుతాం, అయిపోయినాక ఫోను మా దగ్గరికి రావాలి. మొదటి వారం రోజూ యుద్ధమే. ఇప్పుడు వారానికి రెండు దినాలు యుద్ధం.

ఇక వయసు గడువుల సంగతి. సినిమాకు సెన్సార్ బోర్డు ఉంది. యూ, యూఏ, ఏ అని బయటివాళ్లు చూసి ముద్ర వేస్తారు. ఈమధ్య యూఏలోనే 7, 13, 16 అని మూడు మెట్లు చేసినారు. థియేటరు గేటు దగ్గర ఒక మనిషి ఉంటాడు. నన్ను ఒకసారి ఏ సినిమాకు పోనీకుండా చెవి పట్టుకుని బయటికి పంపినాడు, రెండోసారి పావలా ఇస్తే పోనిచ్చినాడు. సరే, మనిషైతే ఉన్నాడు. ఫోను ఆటకు మన దేశంలో అట్లాంటి బోర్డు లేదు. ప్లే స్టోర్‌లో ఆట పేరు కింద వయసు అంకె ఉంటుంది, చాలామంది చూడనే చూడరు. కంపెనీ వాళ్లే ఒక ప్రశ్నల పట్టీ నింపితే దాన్ని బట్టి ఆ అంకె వస్తుంది. గేటు దగ్గర ఎవరూ లేరు. "నీకు 18 నిండినాయా?" అని గేటే అడుగుతుంది, పిల్లకాయ "నిండినాయి" అంటాడు, తెరుచుకుంటుంది. పండ్లు చూసే డాక్టరు కూడా లేడు. 2025 ఆగస్టులో ఢిల్లీలో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది కదా అంటారు. దాని దెబ్బ ముఖ్యంగా డబ్బు పందెం పెట్టే ఆటల మీద, రమ్మీలాంటివాటి మీద. అది మంచిదే, మన వీధిలో రమ్మీలో ఆటో పోగొట్టుకున్నోడు ఉన్నాడు. మా ఇంటి రోగం వేరే.

వేరే దేశాల్లో గట్టిగా చేసి చూసినారు. కొరియాలో 2011లో చట్టం పెట్టినారు, 16 ఏండ్ల లోపు పిల్లలకు రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ ఆటలు బంద్. పిల్లలు అమ్మానాన్నల నంబర్లతో లోపలికి పోయినారు. పదేండ్లు నడిపి, 2022 నుంచి ఎత్తేసినారు. చైనా 2021లో ఇంకా బిగించింది. 18 లోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవుదినాల్లో రాత్రి 8 నుంచి 9 దాకా ఒక్క గంట. అక్కడ కూడా పెద్దవాళ్ల అకౌంట్లు అరువుకు తీసుకునేది జరుగుతానే ఉందంట. ఇది చెప్పి, చట్టం దండగ అనేవాళ్లతో నేను కలవను. ఫ్యాక్టరీ చట్టానికి కూడా మా నాయన అబద్ధం చెప్పినాడు. కానీ ఆ చట్టం లేకుంటే నాతోపాటు పదేండ్ల నా తమ్ముణ్ణి కూడా తోలుకుపోయుండేవాడు. కంపెనీ వాళ్లు కోట్లు సంపాదిస్తారు, "తల్లిదండ్రుల బాధ్యత" అని మన మీద వేసి చేతులు దులుపుకుంటారు. పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి ఎనిమిదికి వచ్చే తల్లి ఏ టైములో కాపలా కాస్తుంది? ఆ ఫోను కూడా మేము సరదాకు కొనివ్వలేదు. 2020లో బడి మూసేసి ఫోనులోనే పాఠం అన్నారు, కంతుల మీద కొన్నాం. బడి తెరిచినాక ఫోను వెనక్కి తీసుకోమని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. హైదరాబాదులో 2022లో అంబర్‌పేట పిల్లవాడు, 16 ఏండ్లవాడు, ఫ్రీ ఫైర్‌లో తల్లి బ్యాంకు డబ్బు 36 లక్షలు పెట్టేసినాడని పేపర్లలో వచ్చింది. తండ్రి చనిపోయినాక వచ్చిన డబ్బు అది. మా ఇంట్లో పోయింది 790 రూపాయలు, తుపాకీకి రంగు వేసుకోవడానికంట. ఆ తుపాకీ వీడిది కాదు, రంగు కూడా కంపెనీదే.

కొన్ని పనికొచ్చే మాటలు. ప్లే స్టోర్ తెరిచి పైన గుండ్రంగా మన బొమ్మ ఉన్నచోట నొక్కితే సెట్టింగ్స్, అందులో ఫ్యామిలీ, అందులో పేరెంటల్ కంట్రోల్స్ ఉంటుంది. మన పిన్ పెట్టి ఎంత వయసు ఆటలు దించుకోవచ్చో గీత గీయొచ్చు. ముందే దించుకున్న ఆటను అది ఆపదు, దాన్ని మనమే తీసేయాలి. డబ్బు కట్టేటప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేటట్టు కూడా పెట్టొచ్చు. ఫ్యామిలీ లింక్ అని గూగుల్‌దే ఇంకొకటి ఉంది, అందులో రాత్రి ఇన్ని గంటలకు ఫోను మూసుకుపోవాలి అని పెట్టొచ్చు. పిల్లవాడు తిండి, నిద్ర, బడి వదిలేసి ఫోనే లోకం అనేదాకా పోతే కొట్టి లాభం లేదు. అది జబ్బు కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టీలో దాన్ని చేర్చింది. మన హోసూరు రోడ్డు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే 'షట్ క్లినిక్' ఉంది. పిచ్చాసుపత్రి అని సిగ్గుపడేవాళ్లు 14416 కు ఫోను చేయొచ్చు, టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మా కోడలు ఒక రాత్రి చేసింది. ఏం మాట్లాడినారో నేను అడగలేదు, ఫోను పెట్టేసినాక ఆమె నిద్రపోయింది. అది చాలు.

ఇప్పుడు సాయంత్రం వాడు ఆడేటప్పుడు నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటా. మొదట్లో వాడికి ఇబ్బంది. "తాతా, అట్ల చూడొద్దు" అనేవాడు. పోయిన ఆదివారం వాడే, "నువ్వూ దిగు తాతా" అని ఇంకో ఫోను చేతికిచ్చినాడు. దూకినాను. ఎటు పోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడినా. వాడు, "కదులు తాతా, నిలబడితే చస్తావ్" అని అరుస్తా ఉన్నాడు. రెండు నిమిషాల్లో ఎవడో ముగించినాడు. వాడు తన ఆట వదిలి నన్ను లేపడానికి పరుగెత్తుకు వచ్చినాడు. అందులో పడినోణ్ణి లేపొచ్చంట. నన్ను లేపతా లేపతా వాడూ పోయినాడు. చిటికెన వేలు లేకపోతే ఆ ఆట ఆడటం కష్టం అని వాడి అభిప్రాయం.

వచ్చే రెండో ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు రావికట్ట దగ్గరికి ఫోన్లు తీసుకుని రండి. మా మనవరాలు అందరి ఫోన్లల్లో ఆ పిన్ పెట్టిస్తుంది, డబ్బులేమీ వద్దు, కాఫీ ఇప్పిస్తే చాలు. ఒక్క మాట. ఆ పిన్ మరిచిపోతామని క్యాలెండర్ వెనక రాసి పెట్టొద్దు. మా ఇంటామె రాసింది, వాడు రెండో దినమే చూసేసినాడు.